ఎబోలాతో పోరాడి ప్రాణాలు కోల్పోయిన వైద్య సిబ్బందిని వారి దేశాలు ఎలా గుర్తుపెట్టుకున్నాయి?

బోధిని అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను నర్సింగ్ విద్యార్థులకు ఆసుపత్రుల్లో అంటువ్యాధుల నియంత్రణ బోధిస్తాను. రక్షణ దుస్తులు ఏ వరుసలో వేసుకోవాలి, ఏ వరుసలో విప్పాలి, విప్పేటప్పుడు చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలి అన్నది చెప్పే పాఠంలో, ఆ వరుసకు అంత పట్టింపు ఎందుకో పిల్లలకు అర్థం కావడానికి 2014లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో చెలరేగిన ఎబోలాను, అంటే రోగి రక్తం, ఇతర శరీర ద్రవాలు తాకితే సోకే వైరస్ జబ్బును, ఉదాహరణగా తీసుకుంటాను. ఆ మూడు దేశాల్లో కలిపి 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా మరణించారు. 2015 మే నాటికి లైబీరియా తన డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లలో సుమారు 8 శాతం మందిని, సియెర్రా లియోన్ సుమారు 7 శాతం మందిని ఈ ఒక్క జబ్బుకే పోగొట్టుకున్నాయి. అంతకు ముందే పది వేల జనాభాకు ఒక్క డాక్టరైనా లేని దేశాలవి.

ఈ లెక్క చెప్పిన రోజు ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, వాళ్ల దేశం వాళ్లను ఎలా గుర్తుపెట్టుకుంది?" అని అడిగింది. నేను ఏవో పతకాల గురించి, సభల గురించి రెండు మాటలు చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ అమ్మాయి మరో రెండేళ్లలో వార్డులో అడుగుపెడుతుంది. రేపు తన విషయంలో ఏం జరుగుతుందని కూడా ఆ ప్రశ్నలో అడుగుతున్నదని నాకు ఇంటికి వచ్చాక తోచింది.

అందుకే వచ్చే వారం ఒక గంట పూర్తిగా ఈ విషయానికే కేటాయించాను. పురస్కారాల జాబితా చదవడం నాకు ఇష్టం లేదు. ఆఫ్రికా దేశాల్లో ఎబోలాను ఎదుర్కొన్న స్థానిక సిబ్బందికి దక్కిన గౌరవాల్లో, వారి పనికి నిజంగా తగినదని మీకు అనిపించినది ఏది? దక్కవలసి ఉండీ దక్కనిది ఏది? చదివినవారు, ఆ రంగంలో పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సాంక్రమిక రాసిన జవాబు:

బోధిని గారూ, నేను వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే విద్యార్థిని కాబట్టి నాకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. ఆ చోటు సియెర్రా లియోన్ తూర్పు ప్రాంతంలోని కెనెమా ప్రభుత్వ ఆసుపత్రి.

ఎబోలా రాకముందు నుంచే ఆ ఆసుపత్రిలో లస్సా జ్వరానికి ప్రత్యేకమైన వార్డు ఉండేది. లస్సా కూడా రక్తస్రావం కలిగించగల వైరల్ జ్వరమే, ఎలుకల ద్వారా మనుషులకు వస్తుంది. ఆ వార్డును ఏళ్ల తరబడి నడిపిన డాక్టర్ అనీరు కాంటే 2004లో సూది గుచ్చుకుని అదే లస్సాతో మరణించారు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి తెలిసి తెలిసి వచ్చిన యువ వైద్యుడు షేక్ హుమర్ ఖాన్. నా ఉద్దేశంలో ఆయన ధైర్యం గురించి చెప్పాలంటే 2014 నుంచి కాక, తన ముందున్న డాక్టరు ఎలా చనిపోయారో తెలిసి కూడా ఆ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి చెప్పాలి.

2014 మే నెలాఖరులో సియెర్రా లియోన్‌లోని తొలి ఎబోలా కేసును నిర్ధారించింది కెనెమాలోని ప్రయోగశాలే. లస్సా కోసం అక్కడ శిక్షణ పొందిన మనుషులు, పరికరాలు ఉండటం వల్లే అది సాధ్యమైంది. రోగులు వెల్లువలా వచ్చిపడ్డారు. ఖాన్ వంద మందికి పైగా ఎబోలా రోగులకు చికిత్స చేశారు, చివరకు తానూ జబ్బుపడి జులై 29న కైలాహున్‌లోని చికిత్సా కేంద్రంలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు. జబ్బుపడినప్పుడే ఆ దేశ ఆరోగ్య మంత్రి ఆయనను జాతీయ వీరుడని కొనియాడారు.

అయితే మీరు అడిగిన "తగిన గౌరవం" అన్నదానికి నాకు తోచేది మంత్రి మాట కాదు, ఒక పరిశోధన పత్రం. 2014 ఆగస్టు చివరలో సైన్స్ పత్రికలో, సియెర్రా లియోన్‌లోని 78 మంది రోగుల నుంచి సేకరించిన 99 ఎబోలా జన్యుక్రమాలను విశ్లేషించిన పత్రం వెలువడింది. వైరస్ మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతున్నదో, పాకుతూ ఎలా మారుతున్నదో ఆ పత్రం ఎపిడెమిక్ ఇంకా నడుస్తుండగానే లోకానికి చూపించింది. దాని రచయితలు యాభై మందికి పైగా ఉన్నారు. వారిలో ఐదుగురు పత్రం అచ్చయ్యేనాటికి ఎబోలాతోనే మరణించారు: షేక్ హుమర్ ఖాన్, ఎంబాలు ఫోన్నీ, అలెక్స్ మోయిగ్బోయి, ఆలిస్ కొవోమా, మొహమ్మద్ ఫుల్లా.

ఎంబాలు ఫోన్నీ లస్సా వార్డు ప్రధాన నర్సు. మోయిగ్బోయి, కొవోమా కూడా నర్సులే. గర్భిణిగా ఉండి ఎబోలా సోకిన తమ తోటి నర్సుకు సేవ చేస్తూ ఈ ముగ్గురూ జబ్బుపడ్డారు. ఒక నర్సు పేరు పరిశోధన పత్రం మీద రచయితగా ఉండటం ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కరలేదు. చాలా సందర్భాల్లో రక్తం తీసిన చేతి పేరు, రాత్రంతా రోగి పక్కన ఉన్న మనిషి పేరు చివర "కృతజ్ఞతలు" అన్న పేరాలో కూడా కనబడదు. ఇక్కడ వారు రచయితలయ్యారు. వైరస్ జన్యువుల గురించి ఇకపై ఎవరు చదివినా, ఎవరు ఉటంకించినా, ఆ నర్సుల పేర్లు దానితోపాటే వెళతాయి. పని ఏదో, పేరు ఎవరిదో రెండూ ఒకే చోట ఉన్న గౌరవం కాబట్టి నాకది పతకం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పాత వార్డు సిస్టర్ రాసిన జవాబు:

బోధిని గారికి, సాంక్రమిక గారికి నమస్కారం. నేను అంటువ్యాధుల వార్డులో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సును. ఎబోలాను నేను చూడలేదు. కానీ భయపడిన వార్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే 2000లో ఉగాండాలోని గులూలో జరిగినది చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

గులూ దగ్గర లాకోర్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి ఉంది. దాని వైద్యాధికారి డాక్టర్ మాథ్యూ లుక్వియా ఆ ఏడాది పైచదువు కోసం రాజధాని కంపాలాలో ఉన్నారు. అక్టోబరు మొదట్లో, నర్సింగ్ విద్యార్థులు ఏదో తెలియని జబ్బుతో చనిపోతున్నారని ఆసుపత్రి నుంచి కబురు రాగానే బయలుదేరి వచ్చేశారు. గమనించండి బోధిని గారూ, మొదట పోయినవారిలో మీరు పాఠం చెప్పే వయసు పిల్లలే ఉన్నారు. ఆయన రోగుల పట్టికలు తిరగేసి, మరణాల తీరు చూసి, ఇది ఎబోలా కావచ్చునని అనుమానించి, పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగకుండా ప్రత్యేక వార్డు ఏర్పాటు చేశారు.

నవంబరు చివరి వారంలో సిబ్బంది ఒకరి తరువాత ఒకరు పోతుంటే నర్సులు ఇక తట్టుకోలేకపోయారు. వందల మంది నర్సింగ్ స్కూలులో చేరి ఆసుపత్రి మూసేయాలన్నారు. లుక్వియా వారి ముందుకు వెళ్లి గంటల తరబడి మాట్లాడారు. వారిని పిరికివారనలేదు, ఉద్యోగాలు తీసేస్తామని బెదిరించలేదు. ఆసుపత్రి మూతపడితే తాను గులూ వదిలి వెళ్లిపోతాననీ, ఎవరు వెళ్లిపోయినా రోగుల దగ్గర తాను ఉంటాననీ చెప్పారని ఆ సమావేశం గురించి రాసినవారు చెబుతారు. నర్సులు తిరిగి వార్డులకు వెళ్లారు. ఆయన మాట వారు ఎందుకు విన్నారో అర్థం కావాలంటే ఇంకొక సంగతి తెలియాలి. 1989లో తిరుగుబాటుదారులు ఆసుపత్రి మనుషులను ఎత్తుకుపోవడానికి వస్తే, వారికి బదులుగా నన్ను తీసుకుపొమ్మని ముందుకు వెళ్లిన మనిషి ఆయనే. వారం రోజులు వారి వెంట అడవుల్లో నడిచి తిరిగి వచ్చారు. ఆ మాట నర్సులెవరూ మరచిపోలేదు.

తెల్లవారుజామున రక్తస్రావంతో కొట్టుకుంటున్న ఒక నర్సును చూసుకోవడానికి ఆయన పరుగెత్తినప్పుడు మాస్కు, గౌను, గ్లవ్స్ ఉన్నాయి గాని కళ్లద్దాలు లేవు. అప్పుడే వైరస్ సోకి ఉంటుందని భావించారు. 2000 డిసెంబరు 5న మరణించారు. ఉగాండాలో ఆ విడతలో 425 మంది జబ్బుపడగా 224 మంది పోయారు. బోధిని గారూ, మీరు కళ్లద్దాల పాఠం చెప్పేటప్పుడు ఈ తెల్లవారుజాము గురించి తప్పక చెప్పండి. ఆయనకు నిబంధనలు తెలియక కాదు, ఆ నిబంధనలు ఆ ఆసుపత్రికి నేర్పింది ఆయనే. తోటి నర్సు ప్రాణం పోతున్నదని పరుగెత్తినప్పుడు ఏం మరచిపోతామో మన వృత్తిలోవారికే తెలుస్తుంది.

ఆయనను ఆసుపత్రి ఆవరణలోనే, డాక్టర్ లూసీల్ టీస్‌డేల్ సమాధి పక్కన ఖననం చేశారు. ఆ ఆసుపత్రిని తీర్చిదిద్దిన కెనడా వైద్యురాలు ఆమె. శస్త్రచికిత్సలు చేస్తూ హెచ్‌ఐవీ సోకి 1996లో మరణించారు. రోజూ డ్యూటీకి వచ్చే నర్సులకు ఆ రెండు సమాధులు కనబడుతూనే ఉంటాయి. పని చేసిన చోటే, పని చేసేవారి కళ్ల ముందే ఉండటం నాకు సరైన గౌరవంగా తోచింది. ఎక్కడో రాజధాని కూడలిలో నిలబెట్టిన విగ్రహం గురించి నాకు అలా అనిపించదు.

జనారోగ్యం రాసిన జవాబు:

పై రెండు జవాబులూ మనసును కదిలించాయి. వాటిలోని గౌరవం పట్ల నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే బోధిని గారు రెండో ప్రశ్న కూడా అడిగారు, దక్కవలసి ఉండీ దక్కనిది ఏమిటని. దాని గురించి ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన లెక్కల ప్రకారం, ఎబోలా సోకిన ఆరోగ్య సిబ్బందిలో సగానికి పైగా నర్సులు, నర్సు సహాయకులు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు కలిసి 12 శాతం. ప్రయోగశాల సిబ్బంది 7 శాతం, పారిశుధ్య, నిర్వహణ పనులు చేసేవారు మరో 7 శాతం. సాధారణ వయోజనులతో పోలిస్తే ఆరోగ్య సిబ్బందికి జబ్బు సోకే అవకాశం 21 నుంచి 32 రెట్లు ఎక్కువగా ఉండింది. ఇప్పుడు మనకు గుర్తున్న పేర్లు ఎవరివో చూడండి. ఎక్కువ భాగం డాక్టర్లవే. నేల తుడిచిన మనిషి, వాంతితో తడిసిన పరుపును ఎత్తిన మనిషి, అంబులెన్సు నడిపిన మనిషి ఎవరికీ గుర్తులేరు.

ఇక శవాలను ఖననం చేసిన బృందాల సంగతి. ఎబోలాతో మరణించినవారి శరీరంలో వైరస్ మరణ సమయానికి అత్యధికంగా ఉంటుంది. ఆ దేశాల్లో ఆప్తులు శవాన్ని కడిగి, తాకి, వీడ్కోలు చెప్పే ఆచారం ఉంది. గినీలో 60 శాతం కేసులకు అంత్యక్రియలతో సంబంధం ఉందని 2014 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి వ్యాప్తిని తెంచిన పనుల్లో సురక్షిత ఖననం చాలా ముఖ్యమైనది. ఆ పని చేసినవారు ఎక్కువగా స్థానిక యువకులు, వారిలో చాలామంది రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవకులు. పగలంతా తెల్లని దుస్తుల్లో శవాలు మోసి సాయంత్రం ఇంటికి వెళితే ఇంటివాళ్లే తలుపు తీయని రోజులు వారికి ఉన్నాయి. ఊరి వాళ్లు రాళ్లు విసిరిన సందర్భాలు ఉన్నాయి. మొదట్లో ఖననం తొందరగా, ఏ ప్రార్థనా లేకుండా జరిగేది, అందుకే జనం శవాలను దాచేవారు. 2014 నవంబరులో మతపెద్దలతో కలిసి కొత్త విధానం రూపొందించి, కుటుంబం దూరం నుంచైనా చూడటానికి, ప్రార్థన చేయడానికి వీలు కల్పించాక పరిస్థితి మారింది. ఆ మార్పును ఇంటింటి ముందు నిలబడి ఓపికగా నచ్చజెప్పి సాధించింది ఆ యువకులే.

వారికి ఇస్తామన్న ప్రమాద భత్యం సమయానికి అందలేదు. 2014 నవంబరులో కెనెమాలో ఖనన బృందం వారు బకాయిల కోసం నిరసనగా పదిహేను శవాలను ఆసుపత్రి దగ్గర బహిరంగంగా వదిలి వెళ్లారు. ఆ పని తప్పు, మృతుల పట్ల అవమానం కూడా. వారిని ఉద్యోగాల నుంచి తీసేశారు. కానీ ప్రాణం పణంగా పెట్టి పనిచేసేవారికి వారాల తరబడి డబ్బు ఇవ్వకుండా ఆపడం కూడా అవమానమే అని అంత గట్టిగా ఎవరూ అన్నట్టు లేదు. తరువాత సియెర్రా లియోన్‌లో సిబ్బంది జాబితాలను సరిచేసి, మొబైల్ ఫోన్ ద్వారా నేరుగా డబ్బు పంపే పద్ధతి తెచ్చారు. నెలకు పైగా పట్టే చెల్లింపు వారానికి తగ్గింది. సన్మానాల గురించి మాట్లాడే ఏ సభలోనూ ఈ సంగతి రాదు. నా దృష్టిలో ఆ చెల్లింపుల పట్టికను సరిచేసిన గుమాస్తా ఆ దేశ సిబ్బందికి చేసిన గౌరవం చాలా పెద్దది.

ఇంకొక్క విషయం. 2014 చివరలో టైమ్ పత్రిక ఎబోలా పోరాటయోధులను ఆ ఏటి ప్రముఖ వ్యక్తులుగా ఎంచుకున్నప్పుడు ముఖచిత్రాల మీద కనిపించినవారిలో లైబీరియాకు చెందిన సలోమే కార్వా ఒకరు. ఆమె తల్లిదండ్రులిద్దరూ ఎబోలాతో పోయారు. తాను జబ్బు నుంచి కోలుకుని, మన్రోవియాలో తాను చికిత్స పొందిన కేంద్రంలోనే రోగులకు సేవ చేయడానికి తిరిగి వెళ్లింది. జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవారికి రక్షణ ఉంటుంది కాబట్టి, ఇతరులు దగ్గరకు వెళ్లడానికి భయపడే పసిపిల్లలను ఆమె వంటివారు ఎత్తుకోగలిగేవారు. 2017 ఫిబ్రవరిలో ఆమె ఒక బిడ్డను కని, కొన్ని రోజులకే ప్రసవానంతర సమస్యలతో మరణించింది. ఎబోలా నుంచి బయటపడిన మనిషి అని తెలిసి ఆసుపత్రి సిబ్బంది ఆమెను ముట్టుకోవడానికి భయపడ్డారని ఆమె భర్త, సోదరి చెప్పారు. ముఖచిత్రం మీద ఉన్న మనిషికే ఈ గతి పడితే, పేరు తెలియని కోలుకున్నవారి సంగతి ఏమిటో ఊహించండి. మీ విద్యార్థినికి ఈ కథ చెప్పకుండా దాచవద్దని నా మనవి.

తీరరేఖ రాసిన జవాబు:

జనారోగ్యం గారు రాసిన ప్రతి మాటా ఒప్పుకుంటూనే ఒక చిన్న విభేదం చెబుతాను. డాక్టర్ల పేర్లు ఎక్కువగా గుర్తుండటం అన్యాయమే. అయినా కొన్నిసార్లు ఒక్క మనిషి చేసిన ఒక్క పనిని పేరుతో సహా చెప్పకపోతే ఆ పని ఏమిటో కూడా పోతుంది.

నైజీరియాలోని లాగోస్‌లో డాక్టర్ అమెయో స్టెల్లా అడాదెవో చేసిన పని అటువంటిది. 2014 జులై 20న లైబీరియా నుంచి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడు ఆమె పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. మొదట మలేరియా అనుకున్నారు. ఆమె అంతకు ముందెన్నడూ ఎబోలా రోగిని చూడలేదు, ఆ ఆసుపత్రిలో ప్రత్యేక వార్డూ లేదు. అయినా లక్షణాలు చూసి అనుమానించి, పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా అతన్ని బయటకు వదలలేదు. అతను ఒక సమావేశానికి వెళ్లాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. అతను బయటకు వెళ్లి ఉంటే, రెండు కోట్ల జనాభా ఉన్న నగరంలో ఏం జరిగేదో తలచుకోవడమే కష్టం. ఆమె ఆపిన నాలుగైదు రోజుల్లోనే అధికారులు మేల్కొన్నారు. పోలియో నిర్మూలన కోసం అప్పటికే పనిచేస్తున్న యంత్రాంగాన్ని ఎబోలా వైపు మళ్లించి, రోగులతో దగ్గరగా మెలిగిన దాదాపు 900 మందిని గుర్తించి, వారిని కనిపెట్టుకుని ఉండటానికి ఇళ్లకు సుమారు 18,500 సార్లు వెళ్లారు. దేశమంతటా 20 కేసులు, 8 మరణాల దగ్గర వ్యాప్తి ఆగింది. అక్టోబరు 20న నైజీరియాను ఎబోలా లేని దేశంగా ప్రకటించారు. అప్పటికి రెండు నెలల ముందే, ఆగస్టు 19న, ఆమె అదే జబ్బుతో మరణించారు. ఆమె ఆసుపత్రి సిబ్బందిలో మరికొందరూ పోయారు.

2020లో రాజధాని అబుజాలో ఒక రహదారికి ఆమె పేరు పెట్టారు. దేశం జాతీయ పురస్కారం ప్రకటించడానికి మాత్రం ఎనిమిదేళ్లు, 2022 దాకా, పట్టింది. ఈ రెంటికంటే నాకు నచ్చినది ఆమె పేరిట ఏర్పడిన ద్రాసా హెల్త్ ట్రస్టు. అది ఆసుపత్రి సిబ్బందికి, వార్డు సహాయకులకు, పాఠశాల పిల్లలకు అంటువ్యాధులు సోకకుండా, పాకకుండా చూసుకోవడంలో శిక్షణ ఇస్తుంది. ప్రత్యేక వార్డు లేని ఆసుపత్రిలో ప్రాణం పోయిన డాక్టరు పేరుతో, అటువంటి ఆసుపత్రుల వారికే శిక్షణ దొరుకుతున్నది. నర్సింగ్ విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

బోధిని:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సిస్టర్ గారూ, మీరు రాసిన కళ్లద్దాల సంగతి చదివాక పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. జనారోగ్యం గారూ, సలోమే కార్వా కథ దాచను. ఆమె చివరి రోజుల్లో వార్డులో ఉన్నది కూడా మనవంటి నర్సులే కాబట్టి అది మేము తప్పక వినవలసిన కథ.

ఒక సందేహం మిగిలింది. ఆ విద్యార్థిని ఆ ప్రశ్న అడిగినప్పుడు, పోయినవారికి ఏం చేశారన్న దానితోపాటు, ఇప్పుడు అక్కడ పనిచేసేవారికి ఏం మారిందనీ అడుగుతుందని నా ఊహ. అదే దేశాల్లో మళ్లీ ఎబోలా వస్తే నర్సులు 2014 నాటి లాగే నిలబడాలా? దీని గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సాంక్రమిక:

బోధిని గారూ, మారింది. 2015లో గినీలో జరిగిన టీకా పరీక్షలో రోగి చుట్టూ ఉన్నవారికి, వారి చుట్టూ ఉన్నవారికి వలయంగా టీకా వేసి వ్యాప్తిని ఆపవచ్చని తేలింది. ముందు వరుసలో పనిచేసే సిబ్బందికి కూడా టీకా వేశారు. ఎర్వెబో అనే ఆ టీకాకు 2019 చివరలో అనుమతులు వచ్చాయి, 2021 జనవరిలో 5 లక్షల మోతాదుల అంతర్జాతీయ నిల్వను ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. అయితే అది ఎబోలా వైరసుల్లో జైర్ రకానికే పనిచేస్తుందని కూడా పిల్లలకు చెప్పండి. 2000లో గులూలో వచ్చినదీ, 2022లో ఉగాండాలో మళ్లీ వచ్చినదీ సూడాన్ రకం. 2022లో 19 మంది ఆరోగ్య సిబ్బందికి సోకింది, వారిలో ఏడుగురు మరణించారు. కాబట్టి కళ్లద్దాల పాఠం ఇంకా అవసరమే.

జనారోగ్యం:

సాంక్రమిక గారి జవాబుకు ఒక మాట కలుపుతాను. ఎబోలా వచ్చాక టీకా వేయడం ఒక పద్ధతి, రాకముందే సిబ్బందికి వేయడం మరొకటి. 2024 డిసెంబరులో సియెర్రా లియోన్, దేశంలో ఒక్క ఎబోలా కేసు కూడా లేని సమయంలో, ముందు వరుసలో ఉండే 20,000 మందికి టీకా వేసే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దేశవ్యాప్తంగా అటువంటి కార్యక్రమం చేపట్టిన మొదటి దేశం అదే. ఆ జాబితాలో డాక్టర్లు, నర్సులతోపాటు గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలు, నాటువైద్యులు, మోటారు సైకిలు టాక్సీ నడిపేవారు కూడా ఉన్నారు. 2014లో జబ్బుపడిన మనిషిని మొదట ముట్టుకున్నవారు, వెనుక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చినవారు వారే కాబట్టి ఆ జాబితా సరిగ్గా తయారైంది. పదేళ్ల కిందట ఎవరెవరు పోయారో లెక్క చూసుకుని రాసిన జాబితా లాగా ఉందది.

పాత వార్డు సిస్టర్:

బోధిని గారూ, ఒక చిన్న సలహా. సాంక్రమిక గారు రాసిన ఆ ఐదు పేర్లను మీ పిల్లల చేత బోర్డు మీద తెలుగులో రాయించండి. పలకడం నేర్పించండి. నేను నిన్న రాత్రి నుంచి "ఎంబాలు ఫోన్నీ" అని రెండు మూడు సార్లు పైకి అనుకున్నాను. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ పేరు తప్పుగా పలికితే మా రోజుల్లో ఊరుకునేవారు కాదు.

బోధిని:

తప్పకుండా సిస్టర్ గారూ. ప్రతి పేరు పక్కన ఆ మనిషి చేసిన పని కూడా రాయిస్తాను. ఆ తరువాత రక్షణ దుస్తులు విప్పే వరుసను కళ్లద్దాల దగ్గర ఆగి మరోసారి చేయిస్తాను. మంగళవారం పాఠం అయ్యాక ఆ అమ్మాయి ఏమన్నదో ఇక్కడే రాస్తాను.